మా శంకరన్న కట్టిన కూలిన పట్నం

ప్రసాదరావు గారు పోయారని వాళ్ళమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి చెప్పింది. "నాన్నగారి డైరీలో మీ నంబరు ఉందండీ, చెప్పాలనిపించింది" అంది. ఆయన ఏడాదికి ఒకటి రెండుసార్లు నాకు ఫోన్ చేసేవారు. నా ఉద్యోగం, అమ్మ ఆరోగ్యం, షామీర్‌పేట చెరువులో నీళ్ళు, అన్నీ అడిగి, పెట్టేసే ముందు గొంతు కొంచెం తగ్గించి, "అమ్మా సుజాతా, శంకర్ చేసిన టేబుల్ జాగ్రత్తగానే ఉంది కదూ?" అనేవారు. "ఉందండీ, బట్ట కప్పి అటక మీద పెట్టాం" అనేదాన్ని. ఇరవై ఏళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. ఆ జవాబు అబద్ధం. ఆయన బతికుండగా నిజం చెప్పే ధైర్యం రాలేదు. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆయన లేరు. బడికి వేసవి సెలవులు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను కనుక, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

మా ఇల్లు షామీర్‌పేట నుంచి దేవరయాంజాల్ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉండేది. రెండు అర్రలు, ముందు వసారా, పక్కన రేకుల షెడ్డు. మా బాపు ఎల్లయ్య మేస్త్రి ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు కట్టాడో ఆయనకే గుర్తు లేదు గానీ, మా ఇంటి బయటి గోడలకు మాత్రం చివరిదాకా ప్లాస్టరింగ్ కాలేదు. పని నుంచి వచ్చాక ముందు తాపీ కడిగేవాడు, తరువాతే చేతులు. తాపీ, తూకం గుండు, రసమట్టం అన్నీ గోనెసంచిలో చుట్టి దూలానికి వేలాడదీసేవాడు, వాటిని మేం ముట్టుకోకూడదు. కడిగిన చేతుల్లో అమ్మ కొబ్బరినూనె పోసేది. సిమెంటు తిన్న వేళ్ళు అవి. కొసలు పగిలి, నూనె తగలగానే మండేవి, అయినా నోరు విప్పేవాడు కాదు. తడి సిమెంటు, బీడీ పొగ, కొబ్బరినూనె, ఈ మూడూ కలిసిన వాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. ఎవరి పెళ్ళికి పోయినా బాపు కళ్ళు ముందు గోడల మీదికే పోయేవి. మేడ్చల్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా, "గా గోడ కడుపు ఉబ్బింది సూడు. ఎవడు కట్టిండో గానీ, రెండేండ్లు నిలవడదు" అని పక్కవాళ్ళకు వినిపించేలాగే అనేవాడు. ఆయన తల్లి, మా అవ్వ, తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లి, దవడలో పొగాకు పెట్టుకుని, ఇక పొద్దు మునిగేదాకా ఇంట్లో అందరి తప్పులూ ఎంచేది. శనివారం శనివారం మాత్రం దేవరయాంజాల్ గుడికి నడిచిపోయి వచ్చి, ఆ ఒక్క పూట ఎవరినీ ఏమీ అనేది కాదు.

మా అన్న శంకర్ నాకంటే ఐదేళ్ళు పెద్ద. మేడ్చల్‌లో ఇంటర్ పాసై, ఫలితాలు వచ్చిన మర్నాడే బాపు వెంట పనికి పోయాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. చేతి పని నాజూకు. గోడ మీద మేకుతో గీత గీస్తే స్కేలు పెట్టినట్టు వచ్చేది. అప్పట్లో దుండిగల్ వైపు కొత్త కాలనీలు లేస్తున్నాయి. కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు ప్లాట్లు కొనుక్కుని ఇళ్ళు కట్టుకుంటున్నారు. ప్రసాదరావు గారిదీ అలాంటి ఇల్లే. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు, కుత్బుల్లాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఇంటికి పై అంతస్తు బయటి గోడ ప్లాస్టరింగ్ జరుగుతోంది. వెదురు బొంగులు నిలబెట్టి, అడ్డకర్రలు కొబ్బరితాడుతో కట్టి, వాటి మీద పలకలు పరిచి, ఆ పలకల మీద నిలబడి చేసే పని. ఆ తాడు రెండు వానాకాలాలు తడిసిన తాడు. మార్చాలని బాపు ఆ వారంలో రెండుసార్లు అన్నం దగ్గర అన్నాడు, మేమందరం విన్నాం. మార్చకముందే ఒక మధ్యాహ్నం అది తెగింది. అన్న పలకతో సహా వచ్చి కింద పోసి ఉన్న కంకర మీద వెల్లకిలా పడ్డాడు. నేను కాలేజీలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడి వాసన వస్తోంది, ఇంట్లో ఎవరూ లేరు.

అన్నను పట్నంలో పెద్దాసుపత్రిలో రెండు నెలలు ఉంచారు. డాక్టరు బాపును పక్కకు పిలిచి, ప్రాణానికి భయం లేదని, నడుము కింద మాత్రం చచ్చుబడిందని చెప్పాడు. "ఎన్నొద్దులకు వస్తది సార్?" అని అడిగాడట బాపు. "రాదు పెద్దాయనా" అన్నాడట ఆయన. బాపు ఇంటికి వచ్చి ఆ మాట అవ్వకు చెప్పలేదు, అమ్మ చెప్పింది.

అన్నను లోపలి అర్రలో మంచం మీద పడుకోబెట్టాం. పొద్దున లేస్తే అదే పని. అమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని ఇటు నుంచి అటు తిప్పడం, వీపు తుడిచి పౌడరు చల్లడం, గుడ్డలు మార్చడం. బోరింగు దగ్గర అమ్మ దుప్పట్లు ఉతుకుతుంటే డెటాల్ వాసన వీధి దాకా వచ్చేది. అన్న మాట్లాడేవాడు కాదు. తిప్పినప్పుడు ఏ గోడ ఎదురుగా వస్తే ఆ గోడనే చూస్తూ ఉండేవాడు. బాపు అయితే ఆ అర్రలోకి రావడమే మానేశాడు. వసారాలోనే తినేవాడు, వసారాలోనే పడుకునేవాడు. కంచం ముందు కూర్చుని అమ్మను, "తిన్నడా?" అని ఒక్క మాట అడిగేవాడు. "తిన్నడు" అనేది అమ్మ. పొద్దున పనికి పోయేముందు అర్ర గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకున్నట్టు కాసేపు వంగి, వెళ్ళిపోయేవాడు. ప్రసాదరావు గారి ఇంటి మీద ఆగిపోయిన ఆ గోడ పని కూడా, అన్న ఇంటికి వచ్చిన మూడు వారాలకు, కొత్త తాడుతో బాపే పోయి పూర్తి చేసి వచ్చాడు. ఇంకొకరిని పంపమని ఆ సారు అన్నా వినలేదట. దాదాపు ఏడాది ఒకే ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య మాట లేదు. కోపం కాదు. తాడు సంగతి అన్నకు తెలుసని బాపుకు తెలుసు. అంతే.

ప్రసాదరావు గారు మాత్రం ప్రతి ఆదివారం స్కూటరు మీద వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు పెట్టుకుని, కూర్చునే ముందు కుర్చీని రుమాలుతో తుడవబోయి మళ్ళీ మానుకునే మనిషి. అరటిపళ్ళు తెచ్చి కిటికీలో పెట్టి, "ఎలా ఉన్నావయ్యా శంకర్?" అని, జవాబు రాకపోయినా అరగంట కూర్చుని పోయేవారు. ఆయన తప్పేమీ లేదు. అయినా తన ఇంటి గోడ మీద నుంచి పడ్డ మనిషని మనసు ఒప్పుకునేది కాదేమో. ఒక ఆదివారం పళ్ళతో పాటు ఒక స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చారు. మూత తీస్తే లోపల దూది, దూదిలో బొటనవేలంత ఎత్తు సీసపు సిపాయిలు. ఒక్కొక్కరికి తుపాకి, టోపీ, టోపీ కింద ముఖం, ముఖంలో కళ్ళు కూడా రంగుతో దిద్ది ఉన్నాయి.

"నవ్వకూడదు మరి" అన్నారాయన. "కంపెనీ వాళ్ళు నన్ను ట్రైనింగ్‌కి ఇంగ్లండు పంపినప్పుడు ఏడాదిపాటు ఒక ముసలాయన ఇంట్లో అద్దెకున్నానయ్యా. ఈ ఆట ఆయన దగ్గర నేర్చుకున్నా. బల్ల మీద రెండు సైన్యాలు పెట్టి యుద్ధం ఆడతాం. పాచికలు వేస్తాం, టేపు పెట్టి కొలుస్తాం. ఒక్కో బొమ్మ ఇన్ని అంగుళాలే నడవాలి. గోడ చాటున ఉన్నవాడికి తూటా తగలడం కష్టం, బయట ఉన్నవాడికి తేలిక. మా ఆఫీసులో ఇద్దరు నేర్చుకున్నారు, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వస్తారు."

అన్న ఒక సిపాయిని తీసుకుని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పాడు. "గోడలెక్కడున్నయి సార్?" అన్నాడు.

"గోడలా? లేవయ్యా. దుప్పటి పరిచి పుస్తకాలు నిలబెట్టి, అవే ఇళ్ళనుకుంటాం."

"పుస్తకం ఎన్క మనిషి ఎట్ల దాక్కుంటడు?" అన్నాడు అన్న. ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పది నెలల్లో అన్న ఒక మనిషిని ఒక సంగతి అడగడం అదే మొదలు. "నేను కడత సార్. ఎట్లాంటి ఇండ్లు గావాలె?"

ఆయన కొంచెం తటపటాయించారు. "నిండు ఇళ్ళైతే లోపలికి చెయ్యి పట్టదు శంకర్. కూలిపోయినవి కావాలి. పైకప్పు ఎగిరిపోయి, సగం గోడలు నిలబడి ఉంటే బొమ్మల్ని లోపల పెట్టుకోవచ్చు. బాంబులు పడ్డ పట్నం అన్నమాట."

"కూలినయే గద" అన్నాడు అన్న. "అయితయి."

తరువాతి ఆదివారం ఆయన బీరువాలకు వాడగా మిగిలిన ప్లైవుడ్ తెచ్చారు. ఆరడుగులకు నాలుగడుగుల బల్ల కావాలి, అంత పెద్దది మా గుమ్మంలోంచి రాదని రెండు ముక్కలుగా కోయించారు. పాత యుద్ధాల నలుపు తెలుపు ఫొటోలున్న పుస్తకాలు రెండు ఇచ్చారు. అన్న వీపు వెనక దిండ్లు పేర్చి, ఛాతీ మీదికి వాలుగా ఒక చెక్క పెట్టాం. అదే ఆయన పనిస్థలం. మేడ్చల్‌లో టీవీల దుకాణం వెనక పారేసే థర్మాకోల్ నేను కాలేజీ నుంచి వస్తూ ఏరుకొచ్చేదాన్ని. అమ్మ రోజూ సాయంత్రం మైదా ఉడికించి బంక కాచేది. థర్మాకోల్‌ను బ్లేడుతో గోడలుగా కోసి, పెన్సిల్‌తో నొక్కి ఇటుక వరసలు తీర్చి, పైన కాగితం అతికించి, దాని మీద సన్న ఇసుక, ఇటుక పొడి చల్లేవాడు. చీపురుపుల్లలు కిటికీ చువ్వలు. అగరుబత్తి పుల్లలు వాసాలు. బైండింగ్ వైరు తుంచి, విరిగిన స్లాబులోంచి బయటికొచ్చిన చువ్వల్లాగా వంచేవాడు. కాలిన మరకలకు కిరోసిన్ దీపం మసి. మొదట కట్టిన పెద్ద భవనానికి రంగు పట్టడం కోసం నేను పెయింటులో థిన్నర్ కలిపి పూశాను. చూస్తుండగానే గోడలు చప్పుడు లేకుండా కరిగి, కుంగి, ముద్దైపోయాయి. పదిహేను రోజుల పని. నేను ఏడిస్తే అన్న ఆ ముద్దను చేతిలోకి తీసుకుని, "ఏడువకు సుజీ. గీ మూలకు పెడదాం. బాంబు గీడనే పడ్డదంటం" అన్నాడు. అది అలాగే అతికించాడు.

ఎప్పుడూ చూడని దేశాల ఊరు అది. అయినా అన్న చేతిలో పడ్డాక అది మన వైపే తిరిగింది. ఇళ్ళకు బయటి నుంచి మెట్లు, మేడ మీద నీళ్ళ ట్యాంకు, కింద సగం లేచిన షట్టరుతో దుకాణం. ప్రసాదరావు గారు నవ్వి, "యూరప్‌లో ఇలా బయట మెట్లుండవయ్యా" అంటే, "లేకపోతే మీ సిపాయిలు పైకి ఎట్ల ఎక్కుతరు సార్?" అన్నాడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గోడ ఎలా కూలుతుందో అన్నకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. "నడిమిట్ల పగుల్తదని అందరు అనుకుంటరు. కాదు, కిటికీ మూల కాడ మొదలైతది. ఇటుక ఎంబడి ఇటుక, మెట్లు మెట్లుగ పోతది" అని గీసి చూపించేవాడు. అవ్వ మొదట్లో ఆ అర్ర వైపు చూసి, "అగ్గి వడ్డ లంక తీర్గ ఉన్నది, ఇంట్ల గివేం పనులు" అని గొణిగేది. ఒక శనివారం గుడి నుంచి వచ్చి, ఏమనుకుందో, ఆరబెట్టిన ఆ కూలిన ఇళ్ళ గుమ్మాలన్నిటికీ పుల్లతో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. "కడప అన్నంక బొట్టు ఉండాలె" అంది. తుడిచేద్దామా అని నేనడిగితే ప్రసాదరావు గారే వద్దన్నారు.

ఊళ్ళో మాట పాకకుండా ఉంటుందా. ఎల్లయ్య మేస్త్రి ఇంట్లో కూలిన ఇండ్లు పెట్టుకున్నారట అని బోరింగు దగ్గర మొదలైంది. తూముకుంట దగ్గర ఇల్లు మొదలుపెట్టబోతున్న ఒకాయన, ముగ్గు పోయడానికి మంచిరోజు చూసుకుని కూడా, వేరే మేస్త్రిని మాట్లాడుకున్నాడు. ఎందుకని బాపు అడిగితే, "ఏమనుకోకు ఎల్లయ్యా, ఇంట్ల ఆడోళ్ళు ఒప్పుకుంటలేరు" అన్నాడట. ఆ సాయంత్రం బాపు సైకిలు వసారాలో పడేసి, తాపీ కడగకుండా, కాళ్ళు కడగకుండా తిన్నగా లోపలి అర్రలోకి వచ్చాడు. నేను బంక గిన్నెతో నిలబడి ఉన్నాను.

"తియ్యి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ఇగ చాలు. ఇండ్లు కట్టి బతికెటోని ఇంట్ల కూలిన ఇండ్లేంది? తీసి అవతల పారెయ్యి."

అన్న చేతిలో దారం వదల్లేదు. ఆయన ఛాతీ మీద చెక్క మీద ఆ రోజు ఒక ఇల్లుంది. అది కూలిన ఇల్లు కాదు. మధ్యలో పని ఆగిపోయిన ఇల్లు. బయటి గోడకు చీపురుపుల్లలతో బొంగులు నిలబెట్టి, దారంతో అడ్డకర్రలు కడుతున్నాడు. మూడు రోజుల నుంచి కడుతున్నాడు, నిలబడడం లేదు. బాపు కళ్ళు దాని మీద పడ్డాయి. అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"బాపూ" అన్నాడు అన్న. "గీ తాడు ఎట్ల కట్టాలె? నాతోని అయితలేదు. జారుతాంది."

గుమ్మం దగ్గర కూర్చున్న అవ్వ పొగాకు నమలడం ఆపింది. బాపు మంచం అంచున కూర్చున్నాడు. సిమెంటు ఎండిన వేళ్ళతో ఆ సన్నటి దారం పట్టుకోవడానికి నాలుగైదు సార్లు ప్రయత్నించాడు. చివరికి పట్టి, బొంగుకూ అడ్డకర్రకూ మధ్య ఏటవాలుగా రెండు చుట్లు తిప్పి, మధ్యలోంచి తీసి బిగించాడు. "గిట్ల. రెండు దిక్కుల నుంచి రావాలె. ఒక్క దిక్కే కడితే నిలవడదు" అన్నాడు. రెండోది కట్టాడు. మూడోది కడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "మార్చాలె అనుకున్న శంకరా. ఆ వారమే మార్చాలె అనుకున్న."

"ఎరుకే బాపు" అన్నాడు అన్న.

బాపు మిగతా ముడులన్నీ కట్టి, లేచి బయటికి పోయి తాపీ కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి అన్నం మాత్రం లోపలి అర్రలో తిన్నాడు. తింటూ, "గా పిట్టగోడ గంత సన్నం ఉంటే గాలికే పోతది" అని తప్పులు చెప్పేవాడు. అన్న విప్పి మళ్ళీ కట్టేవాడు. ఇదంతా చదివితే ఎవరికైనా ఇక బాగుపడ్డారు అనిపిస్తుంది. నాకూ అప్పుడు అలాగే అనిపించింది.

బల్ల పూర్తయ్యాక ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో దాన్నీ, వెనకాల ఇంకో ఆటోలో అన్ననూ తీసుకుని దుండిగల్ కాలనీకి పోయాం. ఆ ఇంటి ముందు అన్నను దించుతుంటే, ఆగమన్నాడు. బాపు భుజం మీద చెయ్యి వేసుకుని పై అంతస్తు గోడ వంక చూశాడు. "మంచిగ తీసినవ్ బాపు. అతుకు కనవడ్తలేదు" అన్నాడు. బాపు ముఖం తిప్పుకున్నాడు. ముందు గదిలో బల్ల మీద రెండు ముక్కలూ కలిపి పరిచి, ప్రసాదరావు గారూ ఆయన స్నేహితులిద్దరూ సిపాయిలను సర్దారు. ఊరిని కాపాడే పక్షం అన్నకు ఇచ్చారు. మేడ మెట్ల వెనక ఒకణ్ణి, షట్టరు కింద ఒకణ్ణి, కరిగిపోయిన ఆ భవనం గుట్ట చాటున నలుగురిని ఎక్కడ పెట్టాలో అన్న చెబుతుంటే నేను పెట్టాను. పాచికలు వేస్తుంటే అన్న చెంపలు ఎర్రబడ్డాయి. మూడు గంటలు ఆడారు. ఒక్కొక్క వీధీ పోయింది, ఒక్కొక్క బొమ్మనూ తీసి పక్కన పెట్టారు. చివరికి ఎవరూ మిగల్లేదు. ఓడినా బాగా ఆడావని అందరూ మెచ్చుకున్నారు. ప్రసాదరావు గారి భార్య ఉప్మా పెట్టింది. "అయిపోయిందా సార్?" అన్నాడు అన్న. "ఇవాళ్టికి అయిపోయింది. మళ్ళీ ఆడుకుందాం" అన్నారాయన.

తిరిగి వస్తూ ఆటోలో అన్న నా వైపు చూసి, "ఇగ ఏం జేద్దాం సుజీ?" అన్నాడు. ఇంకో ఊరు కడదామన్నాను. "ఎవరికి?" అన్నాడు. అంత పని ఉన్నంత కాలం ఆయనకు తన ఒంటి మీద ధ్యాస లేదు, మాకూ అంతగా లేదు. కూర్చోబెట్టి, వంచి, గంటల తరబడి కదలకుండా పని చేయిస్తే నడుము కింద పుండు పడుతుందని మాకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా మేం వినలేదో. పడ్డాక అది మానలేదు. అమ్మ రోజూ కడిగేది. వాసన మొదలైంది. జ్వరం వచ్చేది, పోయేది, వచ్చేది. ఊరు మళ్ళీ మొదలుపెడదామని నేను థర్మాకోల్ తెస్తే, "గాడ పెట్టు" అని మూల చూపించేవాడు. చలి మొదలైన రోజుల్లో, ఒక ఉదయం అమ్మ గంజి తాగిస్తుండగా మింగడం మానేశాడు. అన్నను పాతిపెట్టిన బొంద మీద సిమెంటు గద్దె బాపే కట్టాడు. రసమట్టం పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. ఊరివాళ్ళు చూస్తూ నిలబడ్డారు, చాలని ఎవరూ అనలేకపోయారు.

మరుసటి సంవత్సరం ప్రసాదరావు గారి కంపెనీ ఇక్కడి ఫ్యాక్టరీ మూసేసి ఆయనను విశాఖకు పంపింది. అక్కడి అద్దె ఇంట్లో చోటుండదని ఆయన బల్లను మా ఇంటికి చేర్చి, "నేను సర్దుకున్నాక వచ్చి తీసుకెళ్తాను. అంతవరకు నీ దగ్గర ఉంచమ్మా" అని నా చేతుల్లో పెట్టారు. బాపుకు కాదు, నాకు అప్పగించారు. అది లోపలి అర్రలో, అన్న మంచం ఉన్న చోటనే ఉండేది. బాపు పనికి పోయేముందు ఒకసారి దాని దగ్గర నిలబడి వెళ్ళేవాడు.

ఇప్పుడు ఆ దారిలో పోతుంటే నాకు ఏ ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోవడం కష్టం. పెద్ద రోడ్డు వచ్చింది, దాని పక్కన ఇరవై అంతస్తుల మేడలు లేస్తున్నాయి. ఇనుప పైపుల మీద, పచ్చ వలల వెనక, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారు. నెత్తిన టోపీలున్నాయి, నడుముకు బెల్టులున్నాయి. మొన్న మా బడి పిల్లవాడొకడు ఫోన్‌లో ఇలాంటి బల్లలే చూపించాడు. మిషన్‌లో పోసిన గోడలట, డబ్బాలో వస్తాయట, అతికించుకుంటే చాలట. మంచం పట్టినవాళ్ళను తిప్పడానికి గాలిపరుపులు కూడా వచ్చాయి. అన్నీ వచ్చాయి. మాకు అవసరమైనప్పుడు వీటిలో ఒక్కటున్నా అనుకుంటాను. అనుకుని ఏం చెయ్యాలో తెలియదు. పనివాళ్ళు పడ్డారని పేపర్లో ఇప్పటికీ వస్తూనే ఉంది, మూలన, నాలుగు లైన్లు.

అప్పట్లో, ప్రసాదరావు గారు విశాఖ వెళ్ళాక, నేను బీఎడ్ చేస్తూ ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టాను. "పిల్లలు కూసోను జాగా లేదు బాపు. ఆ బల్ల షెడ్డుల పెడదాం" అన్నాను ఒకరోజు. పిల్లలు వసారాలో సరిపోతారు. అసలు సంగతి, ఆ అర్రలోకి పోయినప్పుడల్లా కుంకుమ బొట్లు పెట్టిన ఆ గుమ్మాలు కనిపించడం నాకు భరించరాకుండా ఉండేది. రెండేళ్ళు మా అమ్మా నేనూ ఆ మంచం చుట్టూ తిరిగాం. ఇక చూడాలని లేదు. బాపు నన్ను కాసేపు చూసి, "పెడదాం తియ్యి బిడ్డా" అన్నాడు. ఆయనే ఒక పక్క పట్టాడు.

ఎండాకాలం చివర గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఒక్కసారి దుమ్ము లేచి చీకటి పడ్డట్టయింది. పని లేక బాపు ఇంట్లోనే ఉన్నాడు. షెడ్డు మీద రేకు ఒకటి పెద్ద చప్పుడుతో లేచి పెరట్లో పడింది, వెంటనే రెండోది. బాపు ఒక పాలిథిన్ పట్టా తీసుకుని పరుగెత్తాడు. బల్ల మీద కప్పాడు గానీ గాలి దాన్ని ఉంచనివ్వలేదు. నాలుగు మూలలకు రెండే చేతులు. ఇటు నొక్కితే అటు లేస్తోంది. చివరికి తానే బల్ల మీదికి వంగి, చేతులు చాపి, పట్టా మీద బోర్లా పడ్డట్టు పట్టుకున్నాడు. వాన మొదలైంది. వానతో పాటు రాళ్ళు.

"బాపూ, లోపటికి రా!" అని గుమ్మంలోంచి అరిచాను.

"నువ్వు పో బిడ్డా. తగ్గంగనే వస్త."

వీపు మీద రాళ్ళు పడుతుంటే ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోవడం కనిపిస్తోంది. పది అడుగుల దూరం. నేను పోయి రెండో కొస పట్టుకోవచ్చు. పట్టుకుంటే నిలిచేదేమో. వెనక అర్రలో ట్యూషన్ పిల్లలు భయపడుతున్నారని నాకు నేను చెప్పుకున్నాను. భయపడలేదు వాళ్ళు, రాళ్ళు ఏరుకుందామని గోల చేస్తున్నారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అరగంట పైనే నిలబడ్డాను.

వాన వెలిశాక బాపు పట్టా తీశాడు. నీళ్ళు కింది నుంచి వచ్చి ఉన్నాయి. మైదా బంక అంతా జావగా కరిగి, గోడలు ఒకదాని మీద ఒకటి జారి, కాగితాలు ఊడి, తెల్లటి థర్మాకోల్ ముక్కలు పెరడంతా కొట్టుకుపోయి కంచె కింద చేరాయి. బాపు చేతులతో కొన్ని ఏరాడు. ఏరినవి ఎక్కడివో తెలియక, అలాగే పట్టుకుని నిలబడి, కాసేపటికి కింద పెట్టేశాడు. అమ్మ తువాలు తెచ్చి ఆయన తల తుడుస్తూ ఉంటే, బల్ల వైపు చూసి, "పలకలు మంచియే. ఎండకు పెడితే పనికొస్తయి" అన్నాడు.

రెండు రోజులు గోడకు ఆనించి ఎండబెట్టాడు. మిగిలిన బంకా ఇసుకా తాపీతో గీకేశాడు. మూడో రోజు పొద్దున రెండు పలకలనూ సైకిలు వెనక కట్టుకుని పనికి పోయాడు. ఎవరిదో ఇంటికి మెట్ల స్లాబు పోస్తుంటే కింద సెంట్రింగ్‌కు కొట్టానని సాయంత్రం అమ్మకు చెప్పాడు. ఎవరి ఇల్లో నేను అడగలేదు.